చెవితో చూచినవాడు

ప్రహ్లాద చరిత్ర తెలియని తెలుగువాడు ఉండడు. అందరికీ తెలిసిన కథ కావడమే దానికి వచ్చిన చిక్కు. తెలుసు గదా అని మనం దాన్ని మళ్ళీ చదవం. చదవకుండానే పిల్లలకు చెబుతాం. చెప్పేటప్పుడు కథనంతా తెచ్చి ఒక్క స్తంభం దగ్గర నిలబెడతాం. తండ్రి చూపించమన్నాడు, కొడుకు ఉన్నాడన్నాడు, స్తంభం పగిలింది, దేవుడు కనిపించాడు, కథ కంచికి వెళ్ళింది, మనం నిద్రకు వెళ్ళాం. ఇట్లా చెబితే పిల్లవాడి మనసులో మిగిలేది ఒక్కటే: చివరికి కనిపించాడు గనుక దేవుడు ఉన్నాడు. వాడు ఊరుకుంటాడా? "మరి మనకెందుకు కనిపించడు?" అంటాడు. మనామాలోనో రిఫాలోనో అద్దె ఇంట్లో, రాత్రి అన్నాల దగ్గర, ఈ ప్రశ్న వినని తెలుగు తల్లిదండ్రులు మనలో తక్కువమంది.

ఈ ప్రశ్నకు పోతన దగ్గర సమాధానం ఉన్నది. అయితే అది స్తంభం పగిలిన చోట లేదు. అంతకు చాలా ముందే ఉన్నది. దాన్ని చూపడానికే ఈ వ్యాసం.

ముందుగా హిరణ్యకశిపుడికి న్యాయం చేద్దాం. "ఉన్నాడంటున్నావే, ఎక్కడున్నాడో చూపించు" అని అడగడంలో తప్పేమున్నది? చదువుకున్నవాడెవడైనా అడిగే ప్రశ్నే అది. మన సంఘంలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, లెక్కలు తనిఖీ చేసేవారున్నారు. కాగితం చూడనిదే సంతకం పెట్టని వృత్తులు మనవి. ఆ రాజు అడిగిన ప్రశ్నను పాపమని కొట్టివేస్తే, రేపు మన పిల్లలు అడిగే ప్రశ్నను కూడా కొట్టివేసినట్టే అవుతుంది.

రాజు లోపం మరోచోట ఉన్నది. అతడు బ్రహ్మ దగ్గర తెచ్చుకున్న వరాలను ఒకసారి వరుసగా చూడండి. పగలు చావు రాకూడదు, రాత్రి రాకూడదు. ఇంట్లో రాకూడదు, బయట రాకూడదు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. మనిషి వల్ల వద్దు, మృగం వల్ల వద్దు. అస్త్రశస్త్రాల వల్ల అసలే వద్దు. ఎంత జాగ్రత్తగా రాసుకున్న చిట్టా! కంటికి కనిపించే లోకాన్నంతటినీ రెండేసి గళ్ళుగా గీసి, ప్రతి గడిలోనూ తాళం వేసుకున్నాడు. కాని పగటికీ రాత్రికీ మధ్య సంధ్య ఉన్నది. ఇంటికీ వీధికీ మధ్య గడప ఉన్నది. ఆ సందులు అతని చిట్టాకు ఎక్కలేదు. చూపుకు అందినదే లోకమని లెక్క వేసుకున్నవాడికి ఆ లెక్కలో దొర్లిన లోటు కంటికి ఆనదు. మృత్యువు ఆ లోటులో నుంచే వచ్చింది.

కన్ను ఒక్కటే సాక్ష్యమని మన పెద్దలు ఎన్నడూ అనలేదు. తర్కసంగ్రహం వ్రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆ చిన్న పుస్తకం తర్కం నేర్చుకునేవారికి ఓనమాల వంటిది. అందులో జ్ఞానానికి నాలుగు దారులు చెప్పాడు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితోను, తక్కిన ఇంద్రియాలతోను నేరుగా తెలిసేది ప్రత్యక్షం. ఒకదాన్ని చూచి మరొకదాన్ని ఊహించి తేల్చుకునేది అనుమానం. పోలికతో తెలిసేది ఉపమానం. నమ్మదగిన వాని మాట వల్ల తెలిసేది శబ్దం.

అనుమానానికి తార్కికులు తరతరాలుగా చెప్పే ఉదాహరణ కొండ మీద పొగ. పొగ కనిపిస్తున్నది, నిప్పు కనిపించడం లేదు. వంటింట్లో పొగ ఉన్నచోట నిప్పు ఉండడం చూచాం గనుక కొండ మీదా నిప్పు ఉన్నదని తెలుసుకుంటాం. మనం ఉంటున్న ఈ ద్వీపంలో అన్నిటికంటె ఎత్తయిన చోటును అరబ్బులు జెబెల్ దుఖాన్ అంటారు. ఎత్తు 134 మీటర్లే, మన ఊళ్ళలో అయితే గుట్ట అంటాం. ఆ పేరుకు అర్థం 'పొగ కొండ'. వేడికి చుట్టూ అలముకునే మసక వల్ల ఆ పేరు వచ్చిందంటారు. అన్నంభట్టు చూచి ఉంటే ముచ్చటపడి ఉండేవాడు.

ఆ పొగ కొండ పాదాన జరిగిన సంగతి మనలో చాలామందికి అన్నం పెట్టిన సంగతి. ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండు దేశస్థుడు ఇక్కడికి వచ్చి, మంచినీటి బావులు తవ్వించి, 1925లో చమురు వెదకడానికి అనుమతి సంపాదించాడు. ఈ నేలలో చమురు ఉంటుందని ఆనాటి పెద్ద కంపెనీలు, వారి భూగర్భ శాస్త్రజ్ఞులు చాలామంది అనుకోలేదు. అతని మాట పట్టుకుని లండన్‌లో డబ్బు పెట్టేవారు దొరకలేదు. చివరకు ఆ హక్కులు అమెరికా కంపెనీల చేతికి పోయాయి. 1932లో జెబెల్ దుఖాన్ దగ్గర మొదటి బావిలో చమురు పడింది. అరేబియా వైపు తీరంలో అదే మొదటిది. హోమ్స్‌ను అరబ్బులు 'అబూ నఫ్త్' అన్నారు, అంటే చమురుకు తండ్రి అని. కంటికి కనిపించనిది ఉన్నదని ఒకడు పట్టుబట్టినందువల్ల ఒక దేశం బతుకే మారిపోయింది.

ఆ కొండకు కాస్త దూరంలో ఎడారి మధ్య ఒంటరిగా ఒక చెట్టు ఉన్నది. జీవవృక్షమని పేరు. వయస్సు 400 ఏళ్ళకు పైబడి ఉంటుందని చెబుతారు. చుట్టూ చెరువు లేదు, వాగు లేదు, వాన నామమాత్రం. అయినా పచ్చగా ఉన్నది. వచ్చిన చుట్టాలనందరినీ మనం తీసుకువెళ్ళి చూపిస్తాం, ఫోటోలు తీయిస్తాం. కాని అది మన జమ్మిచెట్టేనని వారికి ఎంతమంది చెబుతున్నాం? శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు ప్రోసోపిస్ సినరేరియా. దసరానాడు మనం ప్రదక్షిణం చేసి, ఆకు కోసి బంగారమని పెద్దల చేతిలో పెట్టే చెట్టు అదే. తిక్కన విరాటపర్వంలో పాండవులు ఆయుధాలు దాచినదీ జమ్మి మీదనే. దారిన పోయేవారికి అది శవం కట్టిన చెట్టుగా కనిపించింది. గాండీవం అక్కడే ఉన్నది, చూచే కళ్ళూ ఉన్నవి; అయినా చూచినవాడు లేడు. అక్కడేమున్నదో ఉత్తరకుమారుడికి అర్జునుడు చెబితే గాని తెలియలేదు.

చెట్టును చూచి, కింద ఎక్కడో లోతున తడి ఉన్నదని తెలుసుకోవడం అనుమానం. ఇది మన వృత్తులకు కొత్త కాదు. గొట్టంలో ఒత్తిడిని ఎవరూ చూడరు, ముల్లు చూచి చెబుతారు. నేల కింద పొరలను తెలుసుకోవడానికి చమురు వెదికేవారు ధ్వని తరంగాలను లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటారు. డాక్టరు గుండెను చూడకుండానే గొట్టం చెవిన పెట్టుకుని దాని సంగతి చెబుతాడు. ఫ్రాన్సులో లెన్నెక్ ఆ గొట్టాన్ని కనిపెట్టిన 1816 నుంచి కోట్లమంది గుండెలు చెవికే పరిచయం. కన్ను ఆగిపోయిన చోట చెవి పని మొదలుపెడుతుంది. ఈ మాట గుర్తుంచుకుని పోతన దగ్గరకు వెళదాం.

ప్రహ్లాదుడు దేవుణ్ణి అనుమానంతో తెలుసుకోలేదు. పొగ చూచి నిప్పును ఊహించినట్టు సృష్టిని చూచి సృష్టికర్తను ఊహించలేదు. నాలుగో దారిన, శబ్దం దారిన తెలుసుకున్నాడు. కథలో ఆ ఘట్టాన్ని మనం తొందరలో దాటేస్తాం. హిరణ్యకశిపుడు తపస్సుకు పోయినప్పుడు దేవతలు అతని రాజ్యం మీద పడ్డారు. గర్భవతిగా ఉన్న అతని భార్యను ఇంద్రుడు పట్టుకుపోతుంటే నారదుడు అడ్డుపడి, విడిపించి, తన ఆశ్రమంలో ఉంచాడు. అక్కడ ఆమెకు భాగవత ధర్మం బోధించాడు. ఆ బోధను విన్నవారు ఇద్దరు: తల్లి, కడుపులో బిడ్డ. కాలం గడిచి తల్లి మరిచిపోయింది. బిడ్డకు జ్ఞాపకం ఉన్నది. ఈ సంగతిని ప్రహ్లాదుడే తోటి పిల్లలకు చెబుతాడు, గురువులు పక్కకు వెళ్ళిన వేళ.

కళ్ళు తెరవకముందే విన్నాడన్నమాట. గర్భంలో చూపు లేదు, వెలుతురు లేదు, రూపం లేదు, మాట ఒక్కటే ఉన్నది. అందుకే తండ్రి ఒడిలో కూర్చోబెట్టుకుని చదివిన వాటిలో మేలైనది ఏదో చెప్పమంటే, ఆ బిడ్డ తొమ్మిది భక్తి మార్గాలు చెప్పి, మొట్టమొదట శ్రవణాన్ని నిలబెట్టాడు. దర్శనం అన్నది ఆ జాబితాలోనే లేదు. తక్కినవన్నీ వినడం, పాడడం, తలచుకోవడం, సేవించడం, స్నేహం చేయడం, తనను తాను ఇచ్చుకోవడం. కంటికి ప్రత్యేకంగా ఒక్క పనీ చెప్పలేదు.

ఇక స్తంభం. మనం ఇక్కడికే పరుగెత్తుతాం గనుక ఇక్కడ కాస్త నిదానించాలి. సంస్కృత భాగవతంలో రాజు కత్తి పట్టుకుని సింహాసనం మీద నుంచి లేచి, స్తంభాన్ని పిడికిలితో గుద్దుతాడు. మన బొమ్మల్లో ఉండే గద ఆ దెబ్బలో లేదు. గుద్దిన వెంటనే వచ్చినది రూపం అనుకుంటున్నారా? కాదు, ధ్వని. బ్రహ్మాండం పగిలిందా అన్నంత మోత. సభలోని వారందరూ హడలిపోయారు. రాజు కూడా విన్నాడు, అటూ ఇటూ చూచాడు. ఆ మోత ఎక్కడి నుంచి వచ్చిందో అతని కంటికి కనబడలేదని మూలం స్పష్టంగా చెబుతుంది. ఆ తర్వాతనే నరసింహుడు. అంటే, చూపించమని అడిగిన ఆ రాజుకు కూడా దేవుడు మొదట చెవికే తగిలాడు. ఆ క్షణమైనా చెవి ఒగ్గి ఉంటే బాగుండేది. చెవి ఒగ్గడం అతనికి అలవాటు లేదు. చివరకు కళ్ళారా చూచాడు. చూచి ఏం చేశాడు? ఇదేమి వింత మృగమని ఆశ్చర్యపడి, గద ఎత్తుకుని మీదకు పోయాడు. కనిపిస్తే నమ్ముతానన్నవాడు కనిపించినా నమ్మలేదు. కళ్ళతో చూడడం వల్ల నమ్మకం పుడుతుందన్న వాదానికి హిరణ్యకశిపుణ్ణి మించిన ప్రతివాది లేడు.

ఈ చోట పోతన చేసినది చూడండి. చిన్న పద్యం చాలించుకుని పెద్ద వచనం అందుకున్నాడు. పగుళ్ళు, పెళపెళలు, గర్జనలు, ఊపిరి తిరగనివ్వని సమాసాలు. నిఘంటువు దగ్గర లేకపోతే సగం మాటలకు అర్థం తెలియదు. కాని ఎవరైనా గట్టిగా చదివితే, అర్థం వచ్చేలోగానే గది దద్దరిల్లుతుంది. నరసింహుడి రూపం మనకు కంటి ముందు కట్టదు, చెవిలో మోగుతుంది.

పోతన మీద విమర్శకులు చాలాకాలంగా మోపుతున్న ఒక నేరం ఉన్నది. శబ్దం మీద మోజు ఎక్కువ అంటారు. అనుప్రాసలు, అంత్యప్రాసలు అతిగా పేర్చాడని, తిక్కన నాటకీయత ముందు, బిగువు ముందు ఇది తీపి ఎక్కువైన పాయసమని అంటారు. ఈ మాటలో సత్యం లేకపోలేదు. కథ నడవవలసిన చోట అందెల మోత నడకను ఆపిన పద్యాలు భాగవతంలో ఉన్నవి. అయినా ప్రహ్లాద చరిత్రలో మాత్రం ఆ నేరం నిలవదని మా అభిప్రాయం. కడుపులో పడి విన్న మాట వల్ల దైవాన్ని తెలుసుకున్న బిడ్డ కథ చెప్పేటప్పుడు, కవి దాన్ని చెవి ద్వారానే మనకు అందించాలి. అర్థం తెలియకముందే మాట మనలో చోటు చేసుకోవాలి, అర్థం తర్వాత నిదానంగా వస్తుంది. నారదుడు ప్రహ్లాదుడికి చేసినదే పోతన మనకు చేశాడు. ఇందుకు రుజువు కావాలంటే మన పల్లెటూళ్ళే రుజువు. అక్షరం ముక్క రాని రైతులు, వడ్లు దంచుకునే అవ్వలు పోతన పద్యాలు నోటికి చెప్పేవారు. వారు పుస్తకం చూచి ఎరగరు. చెవిన పడి నిలిచిన కవి పోతన.

గజేంద్ర మోక్షంలో ఇదే సంగతి మరో విధంగా కనిపిస్తుంది. వేయేళ్ళు పోరాడి, బలం ఉడిగి, తనవారందరూ వదిలిపోగా ఆ ఏనుగు పిలుస్తుంది. పిలుస్తూ పిలుస్తూ సందేహిస్తుంది కూడా. దీనులను ఆదుకుంటాడని లోకం చెప్పుకునే ఆ ఒక్కడు నిజంగా ఉన్నాడా లేడా అన్న శంకను పోతన దాచలేదు, పద్యం కట్టి మన ముందు పెట్టాడు. భక్తుడి నోట ఈ శంక పలికించడానికి ధైర్యం కావాలి. ఆ తర్వాత చేసిన పని ఇంకా గొప్పది. మనల్ని మడుగు గట్టు మీద నుంచి ఒక్కసారిగా వైకుంఠానికి తీసుకువెళతాడు. మొర చెవిన పడగానే విష్ణువు శంఖచక్రాలు అందుకోకుండా, లక్ష్మికి చెప్పకుండా, బయలుదేరిపోయాడు. ఏమైందో తెలియక ఆమె వెనుకపడి, అడగబోయి, తటపటాయిస్తుంది. పరివారమంతా కదిలిపోతుంది. మూలంలో లేని ఈ ఘట్టాన్ని పోతన విస్తరించి వ్రాశాడు. దీనివల్ల జరిగినదేమిటి? సాయం బయలుదేరిందని మనకు తెలుసు. ఏనుగుకు తెలియదు. దానికి ఇంకా నీళ్ళే కనిపిస్తున్నవి, కాలి మీద మొసలి పట్టే తెలుస్తున్నది. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు అని పోతన ఉపన్యాసం ఇవ్వలేదు. పాఠకుణ్ణి ఆ రెంటి నడుమ నిలబెట్టి ఊరుకున్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. విన్నదల్లా నమ్మమంటారా? దొంగ బాబాల మాటలు, తాయెత్తుల వారి మాటలు, ఫలానా రాయి ఉంగరం పెట్టుకుంటే వీసా వస్తుందనే మాటలు, ఇవీ చెవినే పడుతున్నవి గదా? నిజమే. చెవికి రెప్ప లేదు. అందుకనే తార్కికులు శబ్దం ప్రమాణమని ఊరుకోలేదు. ఆప్తుడి మాట ప్రమాణమన్నారు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా చెప్పేవాడు ఆప్తుడు. మన తెలుగులో ఆ మాటకు మరో అర్థం కూడా వచ్చి చేరింది. దగ్గరివాడు, మన మేలు కోరేవాడు ఆప్తుడు. రెండు అర్థాలూ కలిస్తేనే నమ్మదగిన మాట. నారదుడు ఆ తల్లి దగ్గర ఏమీ ఆశించలేదు. శత్రువు భార్య అని చూడకుండా కాపాడి, తర్వాత బోధించాడు. కాపాడిన తర్వాత బోధించాడన్నది ముఖ్యం. డబ్బు పుచ్చుకుని భయపెట్టి చెప్పేవాడు ఆప్తుడు కాడు. వాడి మాట ఎంత పెద్ద దేవుడి పేరుతో వచ్చినా ప్రమాణం కాదు.

విన్నవాడికి కూడా ఒక పరీక్ష ఉన్నది. ప్రహ్లాదుణ్ణి ఏనుగుల చేత తొక్కించారు, పాముల చేత కరిపించారు, విషం పెట్టారు, కొండ మీద నుంచి తోశారు. ఈ దండనలన్నిటినీ మనం అద్భుతాలుగా చెప్పుకుంటాం. అంతకంటె అద్భుతం చివర ఉన్నది. నరసింహుడు వరం కోరుకోమంటే తనకేమీ వద్దన్నాడు. తర్వాత ఒక్కటి అడిగాడు: నా తండ్రి పాపం పోవాలి. ఇన్ని చేసిన తండ్రిలో అతనికి ఇంకా తండ్రి కనిపిస్తున్నాడు. ఒడిలో కూర్చున్న బిడ్డలో తండ్రికి మాత్రం శత్రువు కనిపించాడు. కళ్ళున్నవాడు ఎదురుగా ఉన్న కొడుకును చూడలేకపోయాడు; కంటికి కనిపించనిదాన్ని నమ్మినవాడు తండ్రిని చూడగలిగాడు. విశ్వాసం నిజమైనదా, ఒట్టి మూఢత్వమా అని తేల్చుకోవడానికి ఇంతకంటె మంచి గీటురాయి మాకు కనబడదు. కనిపించని దేవుడి పేరు చెప్పి కనిపించే మనిషిని కసురుకునేవాడు ప్రహ్లాదుడి పక్షం కాడు.

ఇక సినిమా సంగతి చెప్పక తప్పదు, మన పిల్లలలో చాలామందికి ప్రహ్లాదుడు తెర మీదనే పరిచయం గనుక. తెలుగులో మొదటి టాకీ, హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద', 1932లోనే వచ్చింది, ఇక్కడ చమురు పడిన ఏడే. తెలుగు బొమ్మ మొదటిసారి నోరు విప్పి చెప్పిన కథ వినడం గురించిన కథ కావడం ముచ్చటైన యాదృచ్ఛికం. తర్వాత 1967లో ఏ.వి.ఎం. వారు రంగుల్లో తీశారు. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి తల్లి, రోజారమణి ప్రహ్లాదుడు. రంగారావు నిలబడితే తెర నిండిపోతుంది. ఆ నడక, ఆ కంఠం, ఆ కనుబొమ్మ మరొకరికి రావు. కాని ఫలితం ఏమిటి? సినిమా చూచి వచ్చినవారు రాజును గుర్తుపెట్టుకుంటారు. కనిపించే బలానిదే తెర మీద పైచేయి. బిడ్డ లోపల నిశ్చలంగా ఉన్నదాన్ని కెమేరా పట్టుకోలేదు. ఇక నరసింహుడు వచ్చేసరికి, వేషం ఎంత బాగున్నా అది వేషమే. పోతన వచనం చెవిలో పెంచిన రూపం ముందు ఏ వేషమైనా చిన్నబోతుంది. ఇది ఆ చిత్రం తీసినవారి తప్పు కాదు. కంటికి అప్పగించిన ప్రతివారికీ తప్పని చిక్కు. ఒక్క విషయంలో మాత్రం వారిని మెచ్చుకోవాలి. నారద పాత్రకు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిని తెచ్చారు. విన్న మాట వల్ల నడిచే కథలో ఆ మాట చెప్పేవాడి గొంతు ఎట్లాంటిదై ఉండాలో వారు ఎరిగి చేసిన పని అది.

ఈ మాటలన్నీ బహ్రెయిన్‌లో కూర్చుని చెప్పుకోవడానికి కారణం ఉన్నది. మన చుట్టూ ఉన్నవారి మతం కూడా చెవి మీద నిలిచినదే. వారికి విగ్రహం లేదు. రోజుకు అయిదుసార్లు పిలుపు ఉన్నది. వారి గ్రంథం పేరుకే 'పఠించేది' అని అర్థం. అందులో రెండవ అధ్యాయం మొదట్లోనే భక్తుల లక్షణంగా 'గైబ్'ను, అంటే కంటికి మరుగున ఉన్నదాన్ని, నమ్మడం చెప్పారు. మనామా బజారులో తట్టా నుంచి వచ్చిన సింధీ వర్తకులు రెండు వందల ఏళ్ళ నాడు నిలుపుకున్న శ్రీనాథ్‌జీ గుడి ఉన్నది. ఆ గుడి గంటా, మసీదు పిలుపూ ఒకే గాలిలో నడుస్తున్నవి. ఈ దేశం పేరుకు అర్థం 'రెండు సముద్రాలు'. ఒకప్పుడు ఇక్కడి ఉప్పు సముద్రం అడుగున తియ్యని నీటి ఊటలు ఉండేవి. ముత్యాల కోసం మునిగేవారు తోలు తిత్తి పట్టుకుని దిగి, ఊట మీద మూతి పెట్టి నింపుకుని పైకి వచ్చేవారు. పైనుంచి చూస్తే అంతా ఒకే నీలం, అంతా ఉప్పే. ఊట ఎక్కడున్నదో తండ్రి కొడుకుకు చెప్పవలసిందే. ఆ తండ్రి మాట తప్పయితే కొడుకు నోట ఉప్పునీళ్ళు పడతాయి.

మన పిల్లలకూ మనకూ మధ్య ఉన్నది ఇదే. తాతగారి ఊరు, చెరువుగట్టు, ఇలవేల్పు, ఇంటిపేరు వెనుక కథ, తెలుగు అనే భాష, వీటిలో చాలా భాగం వారి కంటికి కనిపించేవి కావు. రెండేళ్ళకోసారి నెలరోజుల సెలవులో చూచేది చూపు కాదు. అవి ఉన్నవని వారు నమ్మవలసింది మన మాట మీదనే. ఫోను మోగితే "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని పిల్లవాడి చేతే చెప్పించి, ఆ రాత్రే వాడికి హరిశ్చంద్రుడి కథ చెబితే, వాడు వినేది ఏ మాట? మన ప్రమాణం పడిపోయేది అక్కడే. దేవుడు కనబడలేదని కాదు, ఆప్తుడు కనబడలేదని పిల్లలు దూరమవుతారు.

పెద్దల విషయమూ అంతే. వెనుకటి రోజుల్లో ఇక్కడి నుంచి ఇంటికి మాటలు టేపులో పట్టి పంపుకునేవారు. గొంతు ఒక్కటే వచ్చేది. దాన్ని పదిసార్లు వేసుకుని వినేవారు. దగ్గు ఎక్కడ వచ్చిందో, మాట ఎక్కడ ఆగిందో తెలిసేది. ఇప్పుడు ఫోనులో ముఖాలు చూచుకుంటున్నాం. "బాగున్నాం నాన్నా" అని ఆ అమ్మ నవ్వుతుంది. నవ్వు కనిపించింది గనుక మనకు నిశ్చింత. ఆ గొంతులోని వణుకును వినడానికి ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటే మంచిది.

పిల్లల ప్రశ్నకు మేము చెప్పగలిగిన సమాధానం ఇంతే. దేవుణ్ణి చూపించడం ఎవరి తరమూ కాదు, ప్రహ్లాదుడూ చూపించలేదు. చెప్పాడు, చెప్పినట్టు బతికాడు. మనం చేయగలిగింది వారికి చెవిని ఇవ్వడం. రోజుకు ఒక్క పద్యం, అర్థం చెప్పకపోయినా ఫరవాలేదు, పక్కలు వేసుకున్న తర్వాత దీపం ఆర్పి, గట్టిగా చదవండి. పద్యం రాని ఇంట్లో కథ చెప్పండి. స్తంభం దగ్గర తొందరపడకండి. నారదుడి ఆశ్రమం దగ్గర, ఆ తల్లి దగ్గర, తండ్రి కోసం కోరిన వరం దగ్గర కాసేపు ఆగండి. పోతన శబ్దాల మోజు గురించి మేము అన్న మాటతో ఏకీభవించని సాహిత్యాభిమానులు మనలో ఉన్నారని తెలుసు. వచ్చే సమావేశంలో వారు ఆ వచనాన్ని పైకి చదివి, ఆ తర్వాత ఖండించవలసిందిగా కోరుతున్నాం.